ఓటు బాకీ కాదు

2024 జూన్ 4న ఫలితాలు తేలిపోయాక వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి విలేకరుల ముందుకు వచ్చారు. అమ్మ ఒడి అందుకున్న తల్లులు, పింఛన్లు తీసుకున్న అవ్వాతాతలు, పెట్టుబడి సాయం పొందిన రైతులు, ఇంతమంది అభిమానం ఏమైపోయిందో తెలియడం లేదన్నది ఆనాటి ఆయన మాటల సారాంశం. ఆవేదన నిజమైనదే. కాని ఆ పార్టీ ఓటమికి కారణమూ ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. ఖాతాలో డబ్బు పడింది కాబట్టి పెట్టెలో ఓటు పడి తీరాలనుకోవడం అప్పిచ్చినవాడి లెక్క. ప్రజాధనాన్ని ప్రజలకు పంచి, దాన్ని తమ పద్దులో బాకీగా రాసుకున్న పాలకులకు జూన్ 4 అర్థం కాకపోవడంలో వింత లేదు.

2019లో 175 స్థానాలకు 151 గెలిచిన పార్టీ ఐదేళ్లలో 11కు పడిపోయింది. మన పత్తి, మిర్చి నేలల్లో పతనం మరింత తీవ్రం. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల 29 స్థానాల్లో 2019లో 23 దక్కితే, 2024లో మిగిలినవి యర్రగొండపాలెం, దర్శి మాత్రమే. గుంటూరు జిల్లాలో ఒక్కటీ లేదు. అయినా రాష్ట్రం మొత్తం మీద దాదాపు 40 శాతం ఓట్లు వచ్చిన పార్టీని చచ్చిపోయిందనలేం. అది మళ్లీ మన గడప తొక్కుతుంది. అప్పుడు ఏ మాటతో వస్తుందన్నదే మనకు ముఖ్యం.

గత ఎన్నికల్లో మనకు చెప్పిన మాట భయం. భారతీయ జనతా పార్టీతో కలిసినవాళ్లు వస్తే నాలుగు శాతం రిజర్వేషన్ పోతుందన్నారు. 2024 మార్చి 17న చిలకలూరిపేట దగ్గర బొప్పూడి సభలో మోదీ పక్కన చంద్రబాబు, పవన్ కల్యాణ్ కూర్చున్న దృశ్యం ఆ భయానికి ఊతమిచ్చింది కూడా. అయినా గుంటూరు తూర్పులో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి నూరి ఫాతిమాను కాదని, తెలుగుదేశం అభ్యర్థి మొహమ్మద్ నసీర్‌ను గెలిపించారు. రెండుసార్లు ఆమె తండ్రి ముస్తఫాను గెలిపించిన నియోజకవర్గమే అది. భయం ఎందుకు పనిచేయలేదు? భయపెట్టినవారి చేతులు కూడా శుభ్రంగా లేవు గనుక. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు పార్లమెంటులో ఓటేసింది ఈ పార్టీయే. మనవాళ్లు వీధుల్లోకి వచ్చాకే ముఖ్యమంత్రి కడపలో ఎన్‌ఆర్‌సీని అమలు చేయబోమని ప్రకటించారు. అలా ఢిల్లీలో ఓ మాట, కడపలో ఓ మాట చెప్పిన పార్టీ, ఎదుటివాడి పొత్తును చూపి మనల్ని హెచ్చరించింది.

న్యాయంగా చెప్పాల్సినదీ ఉంది. 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ చట్టాన్ని తెచ్చింది రాజశేఖర రెడ్డి ప్రభుత్వం. హైకోర్టు కొట్టివేసినా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. దానివల్ల ఇంజనీర్లు, డాక్టర్లు అయిన పిల్లలు మన వీధుల్లో కళ్లెదుటే ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లును ఈ పార్టీ వ్యతిరేకించి సుప్రీంకోర్టుకు వెళ్లడమూ స్వాగతించదగినదే. అయితే అది సిద్ధాంతమా, ఓటమి నేర్పిన పాఠమా? అధికారంలో ఉన్నప్పుడు ఢిల్లీకి ఎదురు చెప్పగలిగితేనే తేలుతుంది.

ఇక పొలం సంగతి. ముస్లింలతో మాట్లాడడమంటే ఇఫ్తార్, షాదీ తోఫా, ఇమాముల గౌరవ వేతనం అనే మూడు మాటలే నాయకుల నోటికి వస్తాయి. పల్నాడులో, పశ్చిమ ప్రకాశంలో మనవాళ్లలో ఎందరో కౌలుకు మిర్చి, పత్తి వేసేవారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవారిలో, ఘాటుకు ముక్కూ కళ్లూ మండుతుండగా తొడిమలు తీసే ఆడవాళ్లలో మనవాళ్లు తక్కువేమీ కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు రైతు భరోసా వర్తిస్తుందని గత ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. కాని 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఏ ఆసామి పెడతాడు? కాగితం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందని ఆయన భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు వేరొకడికి పోతుందని ఇతని భయం. సంతకం లేనిదే కార్డు లేదు, కార్డు లేనిదే భరోసా లేదు. ఎకరా మిర్చికి లక్ష దాటే పెట్టుబడిని వడ్డీవ్యాపారి దగ్గరే తేవాలి. ఆపై భూ హక్కుల చట్టం వచ్చి భూమి ఉన్నవాడినీ బెదరగొట్టింది. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ చూసిన రైతుకు, తన భూమి ఎవరిదన్న సందేహం రాకుండా ఉంటుందా?

2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించే స్థితి వచ్చినప్పుడు జగన్ మిర్చి యార్డుకు వచ్చారు. మంచిదే. ధర గురించి మాట్లాడారు. ఆ సంతకం గురించి కూడా మాట్లాడాల్సింది.

అంతకన్నా బాధించేది వినుకొండ. 2024 జులైలో ఆ పార్టీ కార్యకర్త అయిన ముస్లిం యువకుణ్ణి నడిరోడ్డు మీద నరికి చంపారు. నిందితుడూ ముస్లిం యువకుడే. రెండు తల్లుల కన్నీళ్లూ మన ఇళ్లవే. అధినేత వచ్చి పరామర్శించారు, ఢిల్లీలో ధర్నా చేశారు. కాని పల్నాడులో మన కుర్రాళ్లు కర్ర పట్టుకునే వరుసలో ముందు, టికెట్ల వరుసలో చివర ఎందుకుంటున్నారు? ఈ రెండు ఉమ్మడి జిల్లాల 29 స్థానాల్లో మనకు ఆ పార్టీ ఇచ్చింది ఒక్క గుంటూరు తూర్పే. తెలుగుదేశమూ అంతే. 2021 మార్చిలో మాచర్ల, పిడుగురాళ్ల పురపాలికలను ఏకగ్రీవం చేసుకున్నప్పుడు, ఓటు వేసే అవకాశమే పోయిన వీధుల్లో మనవీ ఉన్నాయి. ఆ తీసేసిన ఓటు 2024లో తిరిగొచ్చింది.

ప్రశ్నించినవాణ్ణి ద్రోహిగా చూడడం ఒక్క పార్టీ జబ్బు కాదు. 2018 ఆగస్టు 28న గుంటూరులో తెలుగుదేశం జరిపిన మైనారిటీ సభలో ప్లకార్డులు పట్టిన ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుపోయారు. మరుసటి ఏడాది ఆ పార్టీ 23 స్థానాలకు దిగింది. 2004 ఓటమి తర్వాత భారతీయ జనతా పార్టీతో పొత్తు పొరపాటన్న చంద్రబాబు 2014లోనూ, 2024లోనూ మళ్లీ అదే పొత్తు కట్టారు. అందుకే నోటి క్షమాపణలకు ఇప్పుడు విలువ కట్టలేం.

వైఎస్సార్ కాంగ్రెస్ నాయకులు మళ్లీ మన మసీదు వీధులకు వస్తారు. శాలువాలు, ఇఫ్తార్ దావత్‌లు పక్కన పెట్టి 2019 డిసెంబరు ఓటు తప్పని చెప్పాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేస్తామని రాసివ్వాలి. స్థానిక ఎన్నికల్లో పల్నాడు, ప్రకాశం వార్డుల్లో మన ఆడపిల్లలకు ఎన్ని టికెట్లు ఇస్తారో నామినేషన్లకు ముందే పేర్లతో చెప్పాలి. శాసనసభలో ప్రతిపక్ష హోదా దక్కలేదని సభకు దూరంగా ఉంటున్న ఆ 11 మందీ లోపలికి వెళ్లి ఈ సంతకం సంగతి ఎత్తవచ్చు. దానికి ఏ హోదా అక్కర్లేదు.