విడాకులకు ప్లీడరెందుకు?

ఏటా మన యూనియన్ సంచిక తిరగేస్తే ప్రేమ మీద కవితలు పది కనిపిస్తాయి. వరకట్న దురాచారం మీద వ్యాసాలు రెండు మూడు తప్పవు. విడాకుల మీద మాత్రం ఒక్క ముక్కా ఉండదు. నేనీ విషయం రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడొకడు "ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే విడాకులా గురూ!" అని నవ్వాడు. నవ్వి ఊరుకోదగ్గ విషయమే అయితే ఎంత బాగుండును! మన తరగతుల్లో కూర్చున్న వాళ్ళలో కొందరి ఇళ్ళల్లో ఆ కాగితాలు ఇప్పటికే నడుస్తున్నాయి. పైకి చెప్పుకోరు, అంతే. మా ఇంట్లోనూ నడిచాయి, నాలుగేళ్ళు. అందుకే రాస్తున్నాను.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట! ఈ సామెత చెప్పి, ప్లీడర్ల జోలికి పోవద్దనేవారు చాలామంది. పెద్దమనుషుల్లో కూర్చుని తెంపుకుంటే సరిపోదా అంటారు. మరికొందరిది ఇంకో చివర. "గట్టి ప్లీడర్ని పెట్టు, వాడికి చుక్కలు చూపించు" అంటారు. ఈ రెండు సలహాలూ తప్పేనని నా అభిప్రాయం. మా అక్క ఈ రెండు సలహాలూ విని నష్టపోయింది.

మా నాన్నగారు రిటైరైన స్కూలు మాస్టారు. అక్క బి.ఎస్సీ., బి.ఇడి. చదివింది. 2015లో పెళ్ళయింది. బావ చెడ్డవాడు కాడు. కాని ఇద్దరికీ పొసగలేదు. అత్తగారి మాటలు, బదిలీలు, అక్క ఉద్యోగం చెయ్యాలా వద్దా అన్న తగాదా, ఇలాంటివే అన్నీ. 2018లో రెండేళ్ళ పాపను తీసుకుని అక్క పుట్టింటికి వచ్చేసింది. మొదట పెద్దమనుషులు కూర్చున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి "ఇక మీరెవరో, వాళ్ళెవరో" అన్నారు. ఆ కాగితం చెల్లదని తెలిశాక, నాన్నగారి స్నేహితులొకరు చెప్పగా ఒక ప్లీడరుగారి దగ్గరకు వెళ్ళారు.

ఆయన పది నిమిషాలు విన్నారు. "మీరు నిశ్చింతగా ఉండండి మాస్టారూ, నేను చూసుకుంటాను" అన్నారు. వారం తర్వాత గుమాస్తా టైపు కాగితాలు తెచ్చి, పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా "ఇక్కడమ్మా, ఇక్కడ, ఇక్కడ" అంటూ సంతకాలు పెట్టించుకున్నాడు. డిగ్రీ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పగల మా అక్క ఆ పిటిషను చదవకుండా సంతకం పెట్టింది! అందులో ఏముందో మాకు తెలిసింది, బావ తరఫు వాళ్ళు మండిపడుతూ ఫోన్ చేసినప్పుడే. బావ తాగుబోతనీ, పరాయి ఆడవాళ్ళతో సంబంధాలున్నాయనీ రాసి ఉంది. అక్క ఏనాడూ ఆ మాట అనలేదు. ఎందుకు రాశారని నాన్నగారు అడిగితే, "కేసు గట్టిగా ఉండాలంటే అలా రాయాల్సిందే, మామూలే" అన్నారట ప్లీడరుగారు.

బావ అన్నమాట నాకింకా గుర్తు. "రేపు నా కూతురు పెద్దదై ఈ కాగితాలు చదివితే?" అన్నాడు. అప్పటిదాకా మర్యాదగా విడిపోదామన్న మనిషి ఆ మర్నాడే ఇంకో ప్లీడర్ని పెట్టాడు. కాపురానికి రమ్మని ఎదురు కేసు వేశాడు. కాపురం చేయించుకోవాలని కాదు, సాధించాలని. ఇక వాయిదాల మీద వాయిదాలు. 2020లో కరోనా వచ్చి కోర్టులు కొన్నాళ్ళు మూతపడ్డాయి. అక్క సర్టిఫికెట్లు బావ వాళ్ళింట్లో, ఆమె ఉద్యోగం గాలిలో.

2021లో వేరే ప్లీడరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమె వేసిన మొదటి ప్రశ్న: "నీకేం కావాలమ్మా?" మూడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, మేము కూడా! అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది. పాప తన దగ్గర ఉండాలి, సర్టిఫికెట్లూ తన బంగారం తనకు రావాలి, బావ నెల నెలా పాప చదువుకు ఇవ్వాలి, పాపను చూసుకోటానికి రావాలి. అంతే. ప్లీడరమ్మ అవతలి ప్లీడరుకు ఫోన్ చేసి, ఆ మాటే చెప్పారు. రాజీకి నాలుగు సిట్టింగులు పట్టాయి. పాత ఆరోపణలు ఉపసంహరించుకుని, ఇద్దరూ కలిసి కొత్త పిటిషను వేశారు. 2022లో డిక్రీ వచ్చింది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మొదట పరస్పర అంగీకారంతో విడాకులనే మాటే లేదు. ఎవరో ఒకరు తప్పు చేశారని రుజువు చెయ్యాల్సిందే. 1976 సవరణతో 13-బి సెక్షను వచ్చింది. ఏడాది విడిగా ఉన్నవాళ్ళు కలిసి ఉండలేమని ఒప్పుకుని ఇద్దరూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి మళ్ళీ కోర్టుకు రావాలి. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చునని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. విడిపోయి చాలాకాలమై, రాజీ ప్రయత్నాలు విఫలమై, మనోవర్తీ పిల్లల సంగతీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చునని 2017లో చెప్పింది. మా అక్కకు ఆ తీర్పే ఉపయోగపడింది. మొదటి ప్లీడరుగారు దాని ఊసే ఎత్తలేదు.

ముస్లిం, క్రైస్తవ సోదరులకూ, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళాడిన వారికీ వేరే చట్టాలున్నాయి. ఏ చట్టం కింద, ఏ ఊళ్ళో, ఎప్పుడు వెయ్యాలన్నది మనంతట మనకు తెలిసే సంగతి కాదు. పెళ్ళయిన ఏడాదిలోపు మామూలుగా విడాకుల పిటిషను వెయ్యటానికి వీల్లేదనీ, 2003 సవరణ తర్వాత భార్య తానున్న ఊళ్ళోనే వెయ్యవచ్చుననీ ఎంతమందికి తెలుసు? స్టాంపు కాగితం మీది తెంపులైతే, ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతేనే చెల్లుతాయి. లేకపోతే ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్ళి చేసుకున్నవారి గతి ఏమిటి? ఆ పెళ్ళే చెల్లదు. పైగా నేరం కూడా.

"ఫ్యామిలీ కోర్టులో ప్లీడరు అక్కర్లేదు కదా!" అని మా లా క్లాసులో ఒకరన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం ప్లీడర్ని పెట్టుకోవటం కక్షిదారుకు హక్కు కాదు. జడ్జిగారు అనుమతిస్తేనే. భార్యాభర్తలు నేరుగా మాట్లాడుకుంటే తగవు తగ్గుతుందని శాసనకర్తల ఆశ. మంచి ఆశే! కాని ఆచరణలో కోర్టులు సాధారణంగా అనుమతిస్తూనే ఉన్నాయి. ఎందుకంటే ఆస్తిపాస్తుల అఫిడవిట్లు, మధ్యంతర మనోవర్తి, పిల్లల సంరక్షణ అనేవి కన్నీళ్ళతో తేలేవి కావు, కాగితాలతో తేలేవి. ఇద్దరూ తమ రాబడీ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చదువుకున్న భర్తా, గడప దాటని భార్యా ఎదురెదురుగా నిలబడితే ఎవరి కాగితం గట్టిగా ఉంటుందో ఆలోచించండి.

ఇక కాపురానికి రమ్మనే కేసుల చరిత్ర మన తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని మనిషిని కోర్టు డిక్రీతో కాపురానికి పంపటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటేడే, 1984లో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లుతుందంది. అది ఇవాళ్టికీ పుస్తకంలో ఉంది. కాపురం నిలబెట్టుకునేందుకు వేసేవారు కొందరైతే, ఎదుటివారిని ఇరకాటంలో పెట్టేందుకు వేసేవారు మరికొందరు. అలాగే అబద్ధపు ఆరోపణల సంగతి. 2013లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో, ఆధారం లేని నీచమైన ఆరోపణలు చెయ్యటం మానసిక క్రూరత్వమేనని సుప్రీంకోర్టు తేల్చింది. "కేసు గట్టిపడుతుంది" అని రాయించిన రాతే మన మెడకు చుట్టుకోవచ్చునన్నమాట! మా అక్క పిటిషను రాసినప్పటికి ఆ తీర్పు వచ్చి ఐదేళ్ళయింది.

ప్లీడర్లనే తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. చాలాసార్లు పగ మనదే, కలం వాళ్ళది. "వాడి ఉద్యోగం ఊడగొట్టాలి", "దాని పరువు తియ్యాలి" అని వెళ్ళేది మనమే. అలా వెళ్ళినవాళ్ళను వెనక్కి లాగి కూర్చోబెట్టి, "కోర్టు మీకివ్వగలిగింది ఇంత, ఇవ్వలేనిది ఇంత" అని చెప్పేవాడే అసలైన ప్లీడరని నేనంటాను. మొదటిరోజే గెలుపు రాసిస్తానన్నవాడి గుమ్మం దిగి వచ్చేయ్యటం మంచిది.

మరి మనం చెయ్యవలసిందేమిటి? పెళ్ళినాటి నుంచి జరిగినదంతా తేదీలవారీగా ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. మనకు వ్యతిరేకమైన సంగతులు కూడా ప్లీడరుకు చెప్పాలి. మనం చెప్పింది బయటపెట్టకూడదన్న కట్టుబాటు ఆయనకుంది. పిటిషనులో ప్రతి వాక్యం చదివి, ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చెప్పించుకుని, అప్పుడే సంతకం పెట్టాలి. ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఫీజు ఎంతో, ఎన్ని విడతల్లోనో ముందే మాట్లాడుకుని రసీదు అడగాలి. వచ్చే మనోవర్తిలో వాటా అడగటం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ప్లీడరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వకీళ్ళ మీద వినియోగదారుల కోర్టుకు వెళ్ళటానికి వీల్లేదని 2024లో తీర్పు వచ్చింది గనుక, దుష్ప్రవర్తన మీద ఫిర్యాదుకు రాష్ట్ర బార్ కౌన్సిలే దిక్కు. కాబట్టి తర్వాత ఫిర్యాదు చెయ్యటం కంటే ముందే జాగ్రత్తపడటం మేలు.

డబ్బు లేదంటారా? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడర్నిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. కేసు నడిచేటప్పుడు సొంత రాబడి చాలని భార్య గాని భర్త గాని, కోర్టు ఖర్చులూ మధ్యంతర భరణమూ ఎదుటివారి నుంచి ఇప్పించమని అడగవచ్చు. ఇవన్నీ మా ఇంట్లో ఎవరికీ తెలియవు. నాన్నగారు ప్రావిడెంట్ ఫండు డబ్బు తీసి ఫీజులు కట్టారు!

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన యూనియన్ ఏటా వార్షికోత్సవానికి ఎంతో ఖర్చు పెడుతుంది. లా చదివే విద్యార్థులున్నారు, చట్టం చెప్పే లెక్చరర్లున్నారు, బార్‌లో పేరు తెచ్చుకున్న పూర్వవిద్యార్థులున్నారు. నెలకొక శనివారం మన ఆవరణలోనే ఒక గది తెరిచి, ప్లీడరు గుమ్మం ఎక్కబోయే వాళ్ళకు ఎక్కేముందు ఒక గంట సలహా చెప్పలేమా? ఎవరి కాపురాన్నీ విడగొట్టమని కాదు. విడిపోక తప్పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోగలిగేలా విడిపోవటానికి.

మా పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు దాటాయి. వేసవి సెలవుల్లో తండ్రి దగ్గరకు వెళ్ళి వస్తుంది. ఆ మొదటి పిటిషను నకలు మా ఇంటి బీరువాలో ఉండేది. ఆమధ్య అక్క దాన్ని పొయ్యిలో పెట్టేసింది. కోర్టు రికార్డులో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ కాల్చలేరు గదా! సంతకం పెట్టేముందు చదవండి, మిత్రులారా.