లేబుల్ చెప్పని రెండు అంకెలు

పిల్లలు ఆడుకునే బొమ్మ మీద 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. రంగులో సీసం ఎంత ఉండొచ్చో, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఎంత మించకూడదో ప్రమాణాలు లెక్క కట్టి చెబుతాయి. పిల్లలు దేన్నయినా నోట్లో పెట్టుకుంటారన్న ఎరుకే దానికి కారణం. పెద్దలు శరీరం లోపల వాడుకునే వైబ్రేటర్‌కు ఆ గుర్తును తప్పనిసరి చేసిన ఉత్తర్వు వర్తించదు, ఎందుకంటే అది 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మల కోసం రాసినది. పైగా మన మార్కెట్లో ఆ వస్తువును దాని పేరుతో అమ్మడమే అరుదు. అశ్లీల వస్తువుల అమ్మకాన్ని నేరంగా చూసే చట్టం, అలాంటి సరుకు దిగుమతిని నిషేధించే 1964 నాటి కస్టమ్స్ ఉత్తర్వు నెత్తిన వేలాడుతుంటే, అమ్మేవాళ్లు ‘పర్సనల్ మసాజర్’ అన్న పేరు చాటున దాక్కుంటారు. సెక్స్ టాయ్స్‌గా వాడుకునే అవకాశం ఉందంటూ కస్టమ్స్ అధికారులు ఆపేసిన బాడీ మసాజర్లను అశ్లీల వస్తువులనడానికి వీల్లేదని బొంబాయి హైకోర్టు 2024లో తేల్చింది. తీర్పు మంచిదే, అయినా ముసుగు మిగిలే ఉంది. మెడనొప్పికి మసాజర్ అని అమ్మిన వస్తువు పెట్టె మీద, దీనితో ఏ జెల్ వాడాలి, ఏది వాడకూడదు అని రాయడం ఎవరికి సాధ్యం? సాధనం ఎంచుకోవడం ఎంత ముఖ్యమో దానితో వాడే ల్యూబ్రికెంట్ ఎంచుకోవడమూ అంతే ముఖ్యం. ఆ ఎంపికకు కావలసిన సమాచారం కొనేవారికి అందడం లేదు. దాన్ని లేబుల్ మీద అచ్చు వేయించడం నియంత్రణ సంస్థల బాధ్యతని నా వాదన.

జెల్ ఒక విలాసం, ఉబలాటం ఉన్నవాళ్ల వ్యవహారం అన్న అభిప్రాయాన్ని ముందుగా పక్కన పెట్టాలి. యోనిలో తడి ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి ఉంటుంది. ముట్లు ఆగిపోయాక, బిడ్డకు పాలిచ్చే నెలల్లో, కొన్ని రొమ్ము క్యాన్సర్ మందులు వాడుతున్నప్పుడు ఆ తడి తగ్గుతుంది. అలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు కూడా పొడితనం తెస్తాయి. తెలుగు రాష్ట్రాలకు ఇది మరింత దగ్గరి విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్ల మనిషికి కూడా ఒక్కసారిగా మెనోపాజ్ వచ్చి పడుతుంది. ఆపరేషన్ తర్వాత కుట్ల గురించి, బరువులెత్తడం గురించి చెప్పే డాక్టర్లలో ఎందరు పొడితనం గురించి చెబుతున్నారు? ఇక మలద్వారానికైతే యోనికి ఉన్నట్టు కలయిక వేళ తనంతట తాను తడిసే గుణం ఏ వయసులోనూ లేదు. శరీరానికి కనీసం తనదైన తడి కొంత ఉండొచ్చు గానీ సాధనానికి అసలే ఉండదు. తగినంత జెల్ లేకుండా వాడితే ఆ రాపిడి పలచని పొర మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది. మంట, రక్తపు చుక్క, ఇన్‌ఫెక్షన్ అక్కడి నుంచే మొదలవుతాయి.

అవసరం ఉందన్నాక ఎంపిక మొదలవుతుంది. షాపులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: నీటితో చేసినవి, సిలికాన్‌తో చేసినవి, నూనెతో చేసినవి. నీటి జెల్ ఏ సాధనాన్నీ, ఏ కండోమ్‌నూ పాడు చేయదు. ఆరిపోవడమొక్కటే దాని లోపం. ఆరినప్పుడు జెల్ మీద జెల్ పూసే బదులు రెండు మూడు చుక్కల నీళ్లు చల్లితే మళ్లీ జారుతుంది. సిలికాన్ జెల్ చాలాసేపు ఆరదు, నీళ్లలోనూ పోదు, రబ్బరు కండోమ్‌కు హాని చేయదు. కండోమ్‌లకు కంపెనీలు ముందే పూసి ఇచ్చేది కూడా చాలావరకు సిలికాన్ నూనే. చిక్కంతా సిలికాన్ సాధనాలతో వస్తుంది. జెల్‌లోని సిలికాన్ నూనె, సాధనంలోని సిలికాన్ రబ్బరు ఒకే జాతి పదార్థాలు కనుక నూనె అణువులు రబ్బరు అల్లికలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తాయి. ఉపరితలం జిగటగా మారి, గరుకెక్కి, చివరికి క్రిములు దాక్కునే తావుగా తయారవుతుంది. నాణ్యమైన సిలికాన్ కొంత తట్టుకుంటుంది గానీ, కొన్న వస్తువు ఏ నాణ్యతదో పెట్టె చెప్పదు. అందుకని సాధనం అడుగు భాగాన ఒక చుక్క వేసి, కొన్ని గంటలు వదిలేసి, తుడిచి వేలితో తాకి చూడాలి. జిగురుగా ఉంటే ఆ జత కుదరదు. లేదంటే సాధనానికి కండోమ్ తొడిగి వాడుకోవచ్చు. గాజు, స్టీలు, గట్టి ప్లాస్టిక్ సాధనాలకు ఈ బెడద లేదు. మెత్తగా, పారదర్శకంగా, ఘాటైన ప్లాస్టిక్ వాసనతో చవకగా దొరికే ‘జెల్లీ’ రకాలతోనే అసలు భయం. ఇలాంటి సాధనాల్లోని థాలేట్ల గురించి డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2006లోనే నివేదిక ఇచ్చింది. థాలేట్లు కొవ్వులో తేలిగ్గా కరుగుతాయి కాబట్టి వాటి మీద నూనె పూయడం కోరి ముప్పు తెచ్చుకోవడమే.

ఇంతవరకూ సాధనం సంగతి. శరీరం సంగతికి వస్తే సీసా మీద లేని ఆ రెండు అంకెల అవసరం తెలుస్తుంది. మొదటిది ఆస్మొలాలిటీ, అంటే ద్రవంలో కరిగి ఉన్న పదార్థాల గాఢత. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే తెల్లారేసరికి ముక్క వడిలి, గిన్నెలో ఊట దిగుతుంది. గాఢత ఎక్కువైన చోటికి నీరు లాక్కుపోవడమే అక్కడ జరిగింది. గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ దట్టించిన జెల్ కూడా యోని, మలద్వారాల పలచని పొరలోని కణాల నుంచి నీటిని అలాగే లాగుతుంది. మన రక్తం గాఢత కిలోకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో వెలువరించిన సూచన ప్రకారం జెల్ గాఢత 380 దాటకపోవడం మేలు, 1,200 మాత్రం దాటకూడదు. గ్లైకాల్స్ మొత్తం 8.3 శాతం మించరాదని కూడా ఆ సూచన అంటుంది. మార్కెట్లో 2,000 దాటినవి ఉన్నాయి. ‘వెచ్చదనం ఇచ్చే’ రకాల్లో కొన్ని దానికి మూడు నాలుగు రెట్లు ఉంటాయి. గాఢమైన జెల్ పెద్దపేగు చివరి భాగంలో పైపొరను రాల్చేస్తుందని 2007లో మనుషుల మీద చేసిన ఒక చిన్న పరిశోధన చూపింది. 2012లో అమెరికా శాస్త్రవేత్తలు షాపుల్లో అమ్మే జెల్స్‌ను ల్యాబ్‌లో కణజాలం మీద పరీక్షిస్తే, గాఢత ఎక్కువున్నవి పైపొరను దెబ్బతీశాయి. సిలికాన్ జెల్, శరీర ద్రవాలకు దగ్గరి గాఢత ఉన్న నీటి జెల్ ఆ హాని చేయలేదు.

రెండో అంకె పీహెచ్, అంటే పులుపుకు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తూ పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య నిలుపుతుంది. ఆ పులుపే కాపలా. మలద్వారంలో అంత పులుపు ఉండదు, అక్కడికి 5.5 నుంచి 7 మధ్యది తగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనే చెబుతుంది. క్రిములు చేరకుండా జెల్‌లో కలిపే క్లోర్‌హెక్సిడిన్ వంటివి ఆ మంచి బ్యాక్టీరియానూ చంపుతాయని 2012 పరిశోధనలోనే తేలింది. క్రిమినాశని అన్న మాట చూసి మురిసిపోయేవాళ్లు నొనాక్సినాల్-9 చరిత్ర తెలుసుకోవాలి. ల్యాబ్‌లో హెచ్ఐవీని చంపిన ఆ రసాయనం ఆడవాళ్లకు రక్షణ ఇస్తుందేమోనని ఆఫ్రికాలోనూ థాయ్‌లాండ్‌లోనూ సెక్స్ వర్కర్ల మీద పరీక్షించారు. 2002లో ఫలితాలు వెలువడితే, తరచుగా వాడినవాళ్లలో హెచ్ఐవీ ముప్పు పెరిగిందని బయటపడింది. పొరను పుండు చేసి క్రిమికి దారి తెరిచింది ఆ మందే. తిమ్మిరెక్కించే మందు కలిపిన జెల్స్ ప్రమాదం ఇంకో రకం. నొప్పి ‘ఆపు’ అని శరీరం చెప్పే మాట. ఆ మాట వినపడకుండా చేసుకుంటే గాయం తర్వాతే తెలుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం వంటింటి నుంచే వస్తుంది: కొబ్బరినూనె ఉండగా ఇంత గొడవెందుకు? తలకు, ఒంటికి, పసిబిడ్డకు రాసే నూనె హాని ఎలా చేస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. కండోమ్ ప్రసక్తి లేకుండా, గాజు లేదా స్టీలు సాధనంతో, పైపైన వాడుకుంటే భయపడాల్సిందేమీ లేదు. రబ్బరు (లేటెక్స్) కండోమ్ వచ్చిందంటే మాత్రం లెక్క మారుతుంది. మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లలోనే లేటెక్స్ కండోమ్ బలం దాదాపు 90 శాతం పడిపోయిందని 1989లో చేసిన పరీక్ష తేల్చింది. వాజలైన్, బేబీ ఆయిల్, బాడీ లోషన్, వంటనూనె దేన్నీ లేటెక్స్‌తో కలపొద్దనేది వైద్యుల ఉమ్మడి మాట. పెట్రోలియం జెల్లీని యోని లోపల వాడినవాళ్లలో బ్యాక్టీరియల్ వజైనోసిస్ అనే యోని ఇన్‌ఫెక్షన్ రెండు రెట్లకు పైగా ఎక్కువ కనిపించిందని 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. నూనె నీళ్లతో కడిగితే పోదు, లోపల నిలుస్తుంది. ఉమ్ము ఖర్చు లేనిదే గానీ నిమిషాల్లో ఆరిపోతుంది, నోటిలోని క్రిములను వెంట తీసుకొస్తుంది.

రెండో అభ్యంతరం చదువుకున్నవాళ్లది, బలమైనది కూడా. ల్యాబ్‌లో కణజాలం మీద కనిపించిన నష్టం మనిషిలో వ్యాధిగా మారుతుందని రుజువైందా అని వాళ్లు అడుగుతారు. పూర్తిగా కాలేదు. పైగా 2011లో 2,453 మంది అమెరికన్ మహిళల మీద వచ్చిన అధ్యయనంలో జెల్ వాడకం సుఖాన్ని పెంచిందనీ, మంట, దురద వంటి ఇబ్బందులు అరుదనీ తేలింది. కాబట్టి ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా వాడుతున్నవాళ్లు సీసా పారేయనక్కర్లేదు. ఆ అధ్యయనం ఒక్కటే నమ్మి జెల్స్ అన్నీ సమానమనడం మాత్రం పొరపాటు. పొర ఇప్పటికే పలచబడిన మెనోపాజ్ వయసువారికి, తరచూ ఇన్‌ఫెక్షన్లు వచ్చేవారికి, మలద్వారంలో వాడేవారికి అంకెలు పట్టించుకోవలసిన అవసరం ఎక్కువ. ఎవరు ఆ కోవలోకి వస్తారో వాళ్లకే తెలుసు. అంకె అచ్చులో ఉంటే వాళ్లే ఎంచుకుంటారు. రుజువు అసంపూర్ణంగా ఉన్నప్పుడు సమాచారం ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఒక గీత సిరా, ఇవ్వకపోతే అయ్యే ఖర్చు రోగి మీద పడుతుంది.

మూడోది పాత అభ్యంతరం: ఇవన్నీ పత్రికల్లో రాసే సంగతులా? డాక్టర్ సమరం ‘స్వాతి’ వారపత్రికలో దశాబ్దాల పాటు లైంగిక సందేహాలకు జవాబులిచ్చారు. తెలుగు పాఠకులు ఆ పేజీని చదివారే గానీ పత్రికను వెలివేయలేదు. సిగ్గు మనుషులను వాడకం మాన్పించదు, అడగడం మాన్పిస్తుంది. అడగనివాడికి అంటగట్టే సరుకుకు నాణ్యత ఉండదు. అడిగితే తెలిసేవి నిజానికి చాలా మామూలు జాగ్రత్తలు. మొదట్లోనే ధారాళంగా రాసుకోవాలి, ఆరినకొద్దీ మళ్లీ రాయాలి. మలద్వారంలో వాడిన సాధనాన్ని కడగకుండా యోనిలో వాడకూడదు. కండోమ్ తొడిగితే అదీ మార్చాలి. మలద్వారానికి వాడేది అడుగున వెడల్పుగా ఉండాలి, లేకపోతే లోపలికి జారి ఆస్పత్రిలో తీయించుకోవలసి వస్తుంది. వాడాక గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మోటారు లేని సిలికాన్ సాధనాన్ని నీళ్లలో మరిగించవచ్చు. సిలికాన్ జెల్ బాత్‌రూమ్ గచ్చు మీద పడితే కాలు జారుతుంది. మంట పుడితే ఆపి, కడిగేసి, తగ్గకపోతే గైనకాలజిస్టును కలవాలి.

చేయదగిన మార్గం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. అమెరికాలో పర్సనల్ ల్యూబ్రికెంట్‌ను వైద్య పరికరంగా చూస్తారు, అనుమతి లేకుండా అమ్మనివ్వరు. శరీరం లోపల వాడే లైంగిక సాధనాల భద్రతకు ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం 2021లో వచ్చింది. లోపల ఇరుక్కున్న సాధనాలను తీసి తీసి విసిగిన ఒక స్వీడన్ సర్జన్ దానికి చొరవ చూపారు. భారత ప్రమాణాల సంస్థ దాన్ని స్వీకరించడానికి నైతిక చర్చ అవసరం లేదు, ఎందుకంటే వస్తువు ఎలాగూ దేశంలోకి వస్తోంది. దాన్ని అసలు పేరుతో, వాడే విధానం అచ్చు వేసి అమ్మనివ్వాలి. ప్రతి నీటి జెల్ సీసా మీద ఆస్మొలాలిటీ, పీహెచ్ ముద్రించాలని మందుల నియంత్రణ విభాగం ఆదేశించాలి. సిలికాన్, నూనె రకాల్లో నీరు ఉండదు కనుక వాటి మీద ఏ పదార్థానికి పడదో రాస్తే చాలు. గర్భసంచి ఆపరేషన్ చేసిన ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో పొడితనం గురించి ఒక వాక్యం చేర్చాలి. ఇవి జరిగేలోగా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది: మెడికల్ షాపులో సీసా చేతికి తీసుకుని, వెనక్కి తిప్పి, గ్లిసరిన్, గ్లైకాల్ పేర్లు జాబితాలో ముందు వరుసలో ఉన్నాయో లేదో చూసి, ఉంటే ఇంకోటి చూపించమని అడగడం. బిస్కెట్ ప్యాకెట్ మీద చక్కెర ఎంతుందో చూసి కొనే హక్కు ఉన్నవాళ్లకు ఈ హక్కు మాత్రం ఎందుకు ఉండకూడదు?