దయపై నిలిచిన వర్తకము

పరదేశమునకు వర్తకమునకై పోవువాడు సామాన్యముగా మూడు లెక్కలు వేసికొనును. అచ్చట సరుకునకు గిరాకి యెంత? రవాణాకును సుంకమునకును వ్యయమెంత? నాణెముల మారకమున కలుగు నష్టమెంత? ఈ మూడును తెలిసినవాడు వర్తకము తెలిసినవాడని లోకము తలచును. కాని నాలుగవ లెక్క యొకటి కలదు. తనకును ఆ దేశ ప్రభుత్వమునకును వివాదము పుట్టినచో దానిని తీర్చువాడెవడు? ప్రభుత్వమునకు భయపడని న్యాయాధిపతి యున్న దేశమున ఈ ప్రశ్నకు సమాధానము సులభము. ఏలిక మాటయే శాసనమైన దేశమున దీనికి సమాధానమే లేదు. ఈ నాలుగవ లెక్కను విస్మరించినవారి గతి యేమగునో రష్యాదేశ చరిత్రము లోకమునకు విశదముగా చూపినది.

డెన్మార్కు దేశపు కార్ల్స్‌బర్గు కంపెనీ 2008లో రష్యాలోని బాల్టికా బీరు కర్మాగారములను పూర్తిగా తన యధీనమునకు తెచ్చుకొనెను. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తిన పిమ్మట ఆ దేశమును వీడ నిశ్చయించి, 2023 జూను నెలలో ఆ వ్యాపారమును అమ్ముటకు ఒడంబడిక చేసికొనెను. మరుసటి నెల 16వ తేదీన అధ్యక్షుడు పుతిను సంతకముతో ఒక ఆజ్ఞ వెలువడెను. బాల్టికా వాటాలు ప్రభుత్వపు 'తాత్కాలిక' నిర్వహణలోనికి పోయెను. ఫ్రాన్సు దేశపు డానోన్ కంపెనీ పాల వ్యాపారమునకును ఆనాడే అదే గతి పట్టెను. దానికి అధిపతిగా నియమింపబడినవాడు చెచెన్యా పాలకుడగు కదిరోవునకు బంధువు, ఆ ప్రాంతపు వ్యవసాయ మంత్రి. ఆ సంవత్సరము నవంబరులో బాల్టికా అధికారు లిరువురు నిర్బంధింపబడిరి. ఆజ్ఞకు ముందు న్యాయస్థానపు తీర్పు లేదు; ఋణము తీర్చలేదను ఆరోపణ లేదు; ఒక్క సంతకముతో ఏండ్ల తరబడి కూర్చిన ఆస్తి చేయి మారెను. రాజు తలచిన దెబ్బలకు కొదువా యని మన పెద్దలు ఊరక అనలేదు.

అట్లయిన ముందే అమ్ముకొని పోరాదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పోవుటకును అనుమతి కావలయును. రష్యా ప్రభుత్వము నియమించిన సంఘము అంగీకరింపక, ఆ ప్రభుత్వము శత్రువర్గమున జేర్చిన దేశముల వర్తకుడు తన ఆస్తిని విక్రయింపజాలడు. మొదట సగము ధరకు అమ్మవలెననిరి. దానిపై ఖజానాకు విరాళమనిరి. విరాళపు వంతు క్రమముగా హెచ్చెను. 2024 అక్టోబరు నాటికి నియమ మిట్లుండెను: ఆస్తి విలువ నూరు రూపాయలైనచో ధరలో కనీసము అరువది రూపాయలు తగ్గింపవలయును, మఱి ముప్పదియైదు రూపాయలు ఖజానాకు చేరవలయును. ఈ భారమంతయు అమ్మువానిపై బడినచో వాని చేత మిగులునది ఐదు రూపాయలు! ఉండిన ఆజ్ఞ భయము, పోయిన విరాళపు భారము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇది యుద్ధకాలపు వైపరీత్యమే గాని సహజ స్వభావము గాదని కొందఱు సమాధానపడుదురు. పూర్వ చరిత్ర ఆ మాటను నిలువనీయదు. రష్యాలో అగ్రశ్రేణి చమురు కంపెనీయైన యూకోసు అధిపతి ఖొదొర్కోవ్‌స్కీని 2003 అక్టోబరులో నిర్బంధించిరి. పన్నుల బకాయిల పేర 2004 డిసెంబరులో దాని ముఖ్యమగు చమురు బావులను వేలమువేసిరి. అంతకుముందు ఎవరును పేరు వినని సంస్థ యొకటి వానిని పాడుకొనెను. కొలది దినములలో అది ప్రభుత్వ కంపెనీయగు రోస్‌నెఫ్టు పరమయ్యెను. వాటాదారులకు ఐదువేల కోట్ల డాలర్లు చెల్లింపవలసినదని 2014లో హేగు నగరపు మధ్యవర్తిసభ తీర్పు చెప్పెను. ఆ తీర్పుపై వ్యాజ్యములు దశాబ్దమునకు పైగా సాగెను.

మాగ్నిట్‌స్కీ వృత్తాంతము మఱియు దారుణము. ఆయన ఒక విదేశీ పెట్టుబడి సంస్థకు పన్నుల వ్యవహారములు చూచుచుండెను. ఆ సంస్థకు జెందిన కంపెనీల పేర ఖజానానుండి ఇరువదిమూడు కోట్ల డాలర్ల పన్ను అక్రమముగా వాపసు పొందిన మోసమును బయటపెట్టెను. ఆ మోసమున కొందఱు అధికారులకు పాలు గలదని చెప్పెను. 2008 నవంబరులో ఆయననే నిర్బంధించిరి. విచారణ ముగియకయే 2009 నవంబరు 16వ తేదీన చెఱలో మరణించెను. అంతటితో విడువక, మరణించిన మనుష్యుని బోనులో నిలిపినట్లు కేసు నడిపి, 2013లో నేరస్థుడని తీర్పు చెప్పిరి! కంచెయే చేను మేసినచో కాపు మొఱపెట్టుకొనునది ఎవరితో?

ఇవన్నియు పాశ్చాత్యుల బాధలు, మనము రష్యాకు చిరకాల మిత్రులము, మనకేమి భయమని మన దేశమున తఱచుగా వినవచ్చు మాట. ఆ మైత్రి యథార్థము. క్లిష్ట సమయములలో అది మనకు తోడ్పడినది. కాని మైత్రి వేఱు, హక్కు వేఱు. సఖాలిను దీవి యొద్ద గల చమురు క్షేత్రమున మన ప్రభుత్వ సంస్థయగు ఓ.ఎన్.జి.సి. విదేశ్ 2001లో నూటికి ఇరువది వంతుల వాటాను కొనెను. 2022 అక్టోబరు 7వ తేదీన వెలువడిన ఆజ్ఞ ఆ క్షేత్ర నిర్వహణమును క్రొత్త రష్యను కంపెనీ కప్పగించి, విదేశీ భాగస్వాములు ఒక నెలలోపుగా తమ వాటాకై అర్జీ పెట్టుకొనవలెనని శాసించెను. అమెరికా కంపెనీ వాటా పోయెను. మన వాటా మనకు దక్కెను. సంతోషమే. కాని ఇరువది యొక్క సంవత్సరములు అనుభవించిన దానికై మరల అర్జీ పెట్టుకొనవలసివచ్చెనను సంగతి మఱవరాదు. నిన్న హక్కు, నేడు అనుగ్రహము.

2016లో మన ప్రభుత్వ చమురు కంపెనీలు సైబీరియాలోని వాన్‌కోరు, తాస్-యూర్యాఖ్ క్షేత్రములలో పెద్ద వాటాలను కొనెను. బావులు చమురు నిచ్చినవి, లాభములును వచ్చినవి. 2022 పిమ్మట కోట్లకొలది డాలర్ల లాభాంశములు రష్యా బ్యాంకులలోనే చిక్కుకొనెను. దీనికి రష్యా ప్రభుత్వ నిబంధనలే గాక పాశ్చాత్యుల ఆంక్షలును కారణమని న్యాయముగా ఒప్పుకొనవలయును. అయినను ఏలిక చేసిన యుద్ధమునకు వర్తకుడు చెల్లించు జరిమానా యిట్టిదే. యుద్ధము చేయునప్పుడు ఆయన మన యనుమతి నడిగెనా? అతనిని నిలువరించు శాసనసభగాని, ప్రశ్నించు పత్రికగాని ఆ దేశమున నిలిచెనా?

ఈ పాఠము మన తెలుగువారికి క్రొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్టణ రేవులనుండి తరతరములుగా మనవారు రంగూనునకు పోయిరి. మూటలు మోసిరి, మిల్లులలో పనిచేసిరి, అంగళ్లు పెట్టుకొనిరి. 1962 మార్చిలో నీవిన్ సేనాని బర్మాలో అధికారము చేజిక్కించుకొనెను. 1964లో అంగళ్లను ప్రభుత్వపరము గావించెను. ఆ మే నెలలోనే ఏబది, నూరు చ్యాట్ల నోట్లు చెల్లవనెను. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము చిత్తుకాగితమైన పిదప మనవారు ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖలోని బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఆ కథకు సాక్ష్యము. అప్పుడును భారత, బర్మా ప్రభుత్వములు శత్రువులు గావు.

అయిన మనము ఆ దేశములతో వర్తకము మానవలెనా? అట్లనుట అవివేకము. 2022కు ముందు మనము దిగుమతి చేసికొను ముడిచమురులో రష్యా వంతు నూటికి రెండు పాళ్లయినను లేకుండెను. 2023-24 నాటికి మూడవవంతును మించెను. చౌకధరవలన దేశమునకు లాభము కలిగెను. హైదరాబాదు మందుల కంపెనీలు దశాబ్దములుగా రష్యాలో వ్యాపారము చేసి పేరు గడించినవి. కాని సరుకు వర్తకమునకును, పాతిన పెట్టుబడికిని గల భేదమును గుర్తింపవలయును. ఓడ మన రేవునకు చేరిన పిదప వెల చెల్లించువానికి నష్టము వచ్చిన అది ఒక ఓడ సరుకునకు మించదు. బావి త్రవ్వినవాడు బావిని మోసికొని రాలేడు. కర్మాగారమునకు కాళ్లు లేవు. తిరిగి తెచ్చుకొనలేని ధనమెంతయో అంతయే నిజమైన అపాయమని యెంచుకొని, అట్టి దేశమున అంతకు మించి పాతకుండుటయే వివేకము.

స్వంత ధనముతో సాహసించు వర్తకుని నష్టము అతనిది. ప్రభుత్వ కంపెనీలు పెట్టునది మాత్రము ప్రజల ధనము. ఏ దేశమున ఎంత పాతితిమి, ఎంత చేతికి వచ్చినది, ఎంత చిక్కుపడినది అను లెక్కను ఏటేట పార్లమెంటు ముందుంచవలయును. మైత్రి పేర ఆ లెక్కను కప్పిపుచ్చుట మైత్రికిని మేలు గాదు.

పొరుగువాని దోషము నెన్నువారు తమ గడపను గూడ చూచుకొనవలయును. 2012 జనవరిలో సుప్రీముకోర్టు వోడాఫోను కంపెనీ పక్షమున తీర్పు చెప్పగా, మన ప్రభుత్వము ఆ యేడే శాసనమును మార్చి, వెనుకటి సంవత్సరములకును పన్ను వర్తించునట్లు చేసెను. కెయిర్న్ కంపెనీ వాటాలను పట్టుకొని అమ్మెను. అది మనకు మచ్చ. అయినను అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పులు మనకు ప్రతికూలమైన పిదప, 2021 ఆగస్టులో పార్లమెంటే ఆ నిబంధనను రద్దుచేసెను; పట్టిన సొమ్ము తిరిగి చెల్లింపబడెను. తప్పు చేయని ప్రభుత్వము లేదు. తప్పును దిద్దించు న్యాయస్థానము, శాసనసభ, పత్రిక యున్నవా లేవా యనునదే భేదము. ఆ మూటిని మనము బలహీనపరచుకొన్ననాడు మన దేశమునకు వచ్చు వర్తకుడును మనలను గూర్చి ఈ నాలుగవ లెక్కయే వేయును.

ఒడంబడిక కాగితమునకు బలము దానిపై గల ముద్రవలన రాదు. ఆ ముద్ర వేసిన చేతినే పట్టి నిలుపగల న్యాయమువలన వచ్చును. ఆ న్యాయము లేనిచోట వర్తకము దయాధర్మముపై నిలుచును. మన వర్తకులును, వారికంటె ముఖ్యముగా మన ధనమునకు ధర్మకర్తలైన ప్రభుత్వమువారును, ఈ సత్యమును లెక్కపుస్తకపు మొదటి పుట యందే వ్రాసికొందురుగాక.