మాకు మమ్మల్నే పోటీ పెట్టి, పక్కోడికన్నా తక్కువ అంటారా?



నాగారంలో రూములు తీసుకుని ఉంటున్న మేము ఉప్పల్, నాచారం దిక్కు ఉద్యోగాలకు తిరుగుతున్నం. మొన్న ఓ కంపెనీ ఇంగ్లీషులో వ్యక్తిత్వ పరీక్ష పెట్టింది. "ముందుండి నడిపిస్తాను", "అందరి మాట వింటాను", "పని టైముకు ముగిస్తాను". వీటిలో మనకు బాగా సరిపోయేది ఒకటి, సరిపోనిది ఒకటి పట్టాలె. మూడూ మనవే అయినా ఒకదాన్ని కాదనాల్సిందే. గూడెంలో అందరి మాట విననోడు పెద్దమనిషి ఎట్లయితడు? మేము వినడమే పట్టినం. రిపోర్టులో "నాయకత్వం తక్కువ" అని వచ్చింది. లిస్టులో మా పేర్లు లేవు.

అన్నిటికీ "అవును" కొట్టి గొప్పలు చెప్పుకునేటోళ్లను ఆపడానికే ఈ పద్ధతి వచ్చింది. దాన్ని మేము తప్పుపట్టం. మా గొడవ మార్కులు వేసే తీరుతోనే.

పట్టినదానికి ఒక మార్కు కలిపి, కాదన్నదానికి ఒకటి తీసేస్తే అందరి మొత్తం ఒక్కటే అవుతుంది. ఒక గుణం పెరిగితే ఇంకోటి తగ్గాల్సిందే. అంటే ఒక మనిషిలో ఏ గుణం ఎక్కువో తెలుస్తుంది గానీ, ఇద్దరిలో ఎవరికి ఎక్కువో తెలియదు. మా తాతకు రెండెకరాలు. ఎకరంన్నర జొన్న, అరెకరం పత్తి. షావుకారుకు ఇరవై ఎకరాలు. పది జొన్న, పది పత్తి. వాటాలు మాత్రమే చూసి షావుకారు కన్నా మా తాతకే జొన్న ఎక్కువంటే నవ్వరా?

దీనికి దారి లేక కాదు. ఇద్దరిని లేదా రెండింటిని పోల్చి ఎంచుకునే తీరుకు థర్‌స్టోన్ 1927లోనే గణిత సూత్రం ఇచ్చాడు. దాని మీద 2011లో అన్నా బ్రౌన్, అల్బెర్టో మైదేవ్-ఒలివారెస్ ఒక గణాంక నమూనా కట్టారు. అది ఎంపికను నేరుగా మార్కు చేయదు. ఏ గుణం ఎంత ఉంటే ఈ వాక్యం ఆ వాక్యం కన్నా ఎక్కువ తూగుతుందో అంచనా వేస్తుంది. అట్లయితే మనిషిని మనిషితో పోల్చొచ్చు. కానీ దానికీ షరతులున్నయి. వాక్యాలన్నీ మంచివే పెట్టి, కొలిచే గుణాలు కొన్నే అయితే లెక్క మళ్లీ తడబడుతుంది. ఒక వాక్యం అందరికీ ఒకే తీరుగా అర్థం కావాలె కూడా. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు చదివినోళ్లకు అట్లనే అర్థమైతదని ఎవరు చూసిండ్రు?

అందుకే మూడు ప్రశ్నలు అడుగుదాం. మార్కులు ఏ లెక్కతో వేసిండ్రు? మాలాంటోళ్ల మీద ముందు పరీక్షించి చూసిండ్రా? ఆ ఒక్క రిపోర్టుతోనే మనిషిని ఎట్ల తీసేస్తరు?

ఇట్లాంటి రిపోర్టు వచ్చినోళ్లు ఆదివారం నాగారం రూముకు పట్టుకుని రండి. కూర్చుని అందరి పేర్లతో ఒకే ఉత్తరం రాద్దాం. ఒక్కొక్కరం అడిగితే జవాబు రాలే, కలిసి అడుగుదాం.

జోహార్!