ఏనుగు మల్లమ్మ కొండ



గతమాసమున ఆవకాయ జాడీలను గూర్చి వ్రాయుచు, వేసవి సెలవులలో ఎచటికైనను పోయివచ్చినచో ఆ ముచ్చట తెలిపెదనని మాట యిచ్చితిని. నిజమునకు, పోవుదుమను నమ్మకము నాకే లేకుండెను. బడిపంతులుగారి యింట సెలవులనగా పిల్లలు దినమెల్ల ఇంట నుండుట, వంట రెండింతలగుట, అంతియే. మా యిండ్లలో స్త్రీలకు ప్రయాణము పురిటికో, పెండ్లికో, మ్రొక్కుబడికో ప్రాప్తించును గాని, కేవలము చూచి వచ్చుటకై పోవుట యన్నది నేటికిని సంకోచముతో పైకి చెప్పవలసిన కోరికయే.

మా వారు హార్సిలీ కొండలకు పోవుదమనగానే మా యత్తగారు, "ఆడ ఏ సామి ఉండాడురా?" అని అడిగిరి. ఆమెకు డెబ్బదియైదేండ్లు. మోకాళ్ల నొప్పులచే వీధి యరుగు దిగుటకే జంకుదురు. మా వారికి ఉత్తరము తోచక నావంక చూచిరి. "సామి కాదత్తయ్యా, అమ్మవారు. మల్లమ్మ తల్లి" అంటిని. ఆమె మరి మాటాడక పెట్టెలోని శాలువ తీసి యెండలో వేసిరి. అంత త్వరగా నొప్పుకొనుట నాకు వింతగా తోచెను.

ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పూర్వము మల్లమ్మ యను పసిపిల్లను ఏనుగులు పెంచినవనియు, ఆమె అచటి చెంచులకు ఆకులతో అలములతో మందుచేసి ప్రాణము నిలుపుచుండెడిదనియు, ఒకనాడు ఉన్నట్టుండి కానరాకపోగా వారామెను దేవతగా కొలువసాగిరనియు చెప్పుదురు. గుడి నేటికిని కలదు. పిదప 19వ శతాబ్దమున కడప కలెక్టరగు డబ్ల్యూ. డి. హార్సిలీ దొర యెండలకు తాళలేక అచట బంగళా కట్టించుకొనెను. అప్పుడు మదనపల్లె కడపజిల్లాలోనిది. చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో. దొరయు పోయెను, దొరతనమును పోయెను, పేరుమాత్రము దారి పొడవున బల్లలమీద నిలిచినది. రోగులకు మందిచ్చిన పిల్ల పేరు మరుగున పడి, చల్లగాలికై వచ్చినవాని పేరు పెద్ద యక్షరములలో నుండుట నాకు నచ్చలేదు. మా వారితో నంటిని. "పాఠ్యపుస్తకములలో నట్లే యున్నది" అనిరి. పంతుళ్లకదియే ప్రమాణము.

నెల్లూరినుండి తిరుపతికిని, అచటినుండి పీలేరు మీదుగా మదనపల్లెకును బస్సులో పోయితిమి. మదనపల్లెలో దిగగానే నేను నాకు తెలిసిన సంగతులు పిల్లలకు చెప్ప మొదలిడితిని. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఈ యూరి కళాశాలలో బసచేసి తమ జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి మార్చిరి. ఆ బాణీకి స్వరములు వ్రాసి యుంచినది మార్గరెట్ కజిన్స్ అను నైర్లండు దేశపు వనిత. మనదేశమున స్త్రీలకు వోటుహక్కు కావలయునని మొదట పోరాడినవారిలో నామె యొకరు. మా యత్తగారు ఇందొక్క మాటయు వినలేదు. నా కొంగు పట్టి లాగి, "ఆరోగ్యవరం ఇక్కడేనంట గదా, ఎంత దూరం అమ్మాయ్?" అని అడిగిరి.

ఆరోగ్యవరము మదనపల్లెకు చేరువనే కలదు. క్షయరోగులకై క్రైస్తవ మిషనులవారు కలసి 1915లో నెలకొల్పిన వైద్యశాల అచట నున్నది. నేడు తక్కిన రోగములకును వైద్యము జరుగుచున్నది. ఆటోలో నక్కడికి పోయి గేటువద్ద నిలిచితిమి. లోనికి వచ్చెదరాయన్న రానని తల యూపిరి. చెట్లనీడను కూర్చున్న పిదప చెప్పిరి.

ఆమె యక్క పెండ్లియైన రెండవయేట దగ్గుతో రక్తము పడగా నిచటికి తెచ్చిరట. అది 1962 ప్రాంతము. మా యత్తగారికప్పుడు పండ్రెండేండ్లు. పదునొకండు నెలలలో ఒక్కమారైనను ఆడపిల్లల నిచటికి రానీయలేదు. అక్క నయమై తిరిగివచ్చినది. కాని అత్తవారు తీసికొనిపోలేదు. పుట్టింట వెనుక గదిలో వేరు కంచము, వేరు గ్లాసు పెట్టిరి. సాయంకాలము చెల్లెలు ఆ గది కిటికీవద్ద నిలిచిన, అక్క మంచముమీద నుండియే తాను చూచిన కొండలను, వానిమీద వ్రాలు మబ్బులను వర్ణించుచుండెడిదట. "అక్క గ్లాసుతో నీళ్లు తాగినానని అమ్మ వీపు పగలగొట్టింది. అప్పటికి అక్కకు జబ్బు లేదు అమ్మాయ్, పోయింది" అనిరి.

ఈ సంగతి విప్పి చెప్పవలసియున్నది. క్షయక్రిములు దగ్గినప్పుడు గాలిద్వారా వ్యాపించును గాని కంచము, గ్లాసుల ద్వారా కాదు. 1956లో మద్రాసున నారంభించిన పరిశోధనలో, ఇంటనే యుండి మందులు పుచ్చుకొన్నవారికిని వైద్యశాలలో నున్నవారికిని గుణము ఇంచుమించు సమానమే యనియు, ఇంటనున్నవారి కుటుంబములకు అందువలన అధికముగ రోగము సోకలేదనియు తేలినది. అందుచేతనే రోగులను కొండగాలికి పంపు వాడుక క్రమముగా పోయినది. శాస్త్రజ్ఞులకు తెలిసినది మన వెనుక గదులకు చేరుట కెన్నియేండ్లు పట్టెనో! మా వీథిలోనే యొక కోడలికి గతసంవత్సరము ఆరునెలల మందులు పూర్తియైనను గ్లాసు మాత్రము వేరుగనే యున్నది.

కొండదారి మలుపులు మెండు. వాంతులగువారు ముందువరుసను కూర్చుండి యెదుటి దారినే చూడవలయును. మాటిమాటికి పక్కకు చూడరాదు. శని, ఆదివారములు బెంగుళూరివారి రద్దీ యుండును గనుక నడివారమున పోవుట మేలు. కొండ యెత్తు 4,000 అడుగులకు మించును. పైకి పోయినకొలది గాలి పలుచనై చల్లబడును. 1,000 అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గునని లెక్క. మేలోనైనను తెల్లవారుజామున పిల్లలకు ఉన్ని బట్ట కావలసివచ్చెను.

మేము దిగిన బసలో వంటకు వసతి కలదు. మా యత్తగారు గిన్నెలో కందిపప్పు ఎసట పెట్టిరి. ఎంతసేపటికిని పలుకు విడువదు. పప్పు పాతదని నన్నును, నీరు మంచిదికాదని కొండను దూషించిరి. తప్పు రెండింటిదియు కాదు. ఎత్తున నీరు తక్కువ వేడికే మరగును. అచట నించుమించు 96 డిగ్రీలకే తెర్లును. అందుచే మూతలేని గిన్నెలో పప్పుడుకుట ఆలస్యము. ఈ శాస్త్రము నాకు మా వారు చెప్పిరి. మరల కుక్కరు తెచ్చుకొమ్మని ముందే యేల చెప్పలేదో!

1859లో నాటిన నీలగిరి చెట్టొకటి అచట కలదు, కల్యాణి యని పేరు. ఆస్ట్రేలియానుండి వచ్చిన జాతి. దాని మొదలు చుట్టు మా పిల్లలు చేతులు పట్టుకొనినను అందలేదు. మల్లమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టితిమి.

రెండవనాటి యుదయమున లేచి చూతును గదా, మా యత్తగారి మంచము ఖాళీ. నా గుండె జల్లుమనెను. మంచుపొగలో నాలుగు బారల దూరమైనను కానరాదు. మా వారొకవైపును నేనొకవైపును పరుగెత్తితిమి. గాలిబండ యను పెద్ద రాతిచరియ కలదు, దాని యంచున లోయ. ఆ బండమీద, అంచునకు దూరముగనే, ఆమె కూర్చుండి యుండిరి. తలపై కొంగు గాలికి జారిపోయి తెల్లని వెండ్రుకలు చెదరియున్నవి. ఏనాడును నేనామెను అట్లు చూచి యెరుగను. చేత చిన్న యిత్తడి గ్లాసు, అంచున నొక సొట్ట. మూటలో దాచి తెచ్చిరట. దారిలో కాపి కొట్టునాతనిచే దానిలో కాపి పోయించుకొనిరి.

కోపముతో వచ్చినదానను, ఏమియు ననలేక ప్రక్కను కూర్చుంటిని. మోకాళ్లతో ఇంతదూర మెట్లు వచ్చితిరని మాత్రమడిగితిని.

"నిదానంగా వచ్చినా. మబ్బు కొండమీద కూర్చుంటుంది అనేది అక్క. కూర్చోలేదు చూడు, పారిపోతా ఉంది" అనిరి. కొంతసేపటికి గ్లాసు నా చేతికిచ్చి, "తాగు, చల్లారిపోతుంది" అనిరి. త్రాగితిని.

తిరుగుదారిని మదనపల్లెలో టమాటలు చౌకగ దొరకగా నొక పెట్టె కొనితిమి. బస్సులో సగము చితికినవి. మిగిలినవానితో మా యత్తగారు పెట్టిన నిలువ పచ్చడిని గూర్చి వచ్చు మాసమున వ్రాసెదను. గ్లాసు ఇప్పుడు మా వంటింటి గూటిలోనే, తక్కిన గ్లాసులతో కలసియున్నది.