యాభై మీటర్లకు ఐదు కిలోమీటర్లా?

స్ప్రింట్ ఫ్రీస్టైల్ ఈదే కుర్రాడు చివరి పదిహేను మీటర్లలో చేతులు పడిపోయి వెనకబడ్డాడంటే చాలా పూల్‌లలో వినిపించే తీర్పు ఒక్కటే: దమ్ము చాలలేదు, రేపటినుంచి ఇంకో వెయ్యి మీటర్లు కలపండి. కోచ్ ఈ మాట అంటాడు, తండ్రి తలూపుతాడు, కుర్రాడు ఈదుతాడు. తర్వాతి పోటీలో చేతులు మళ్లీ అక్కడే పడిపోతాయి. అప్పుడు మరో వెయ్యి.

50 మీటర్ల ఈత అరనిమిషం లోపు వ్యవహారం. కండరంలో ముందే నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ మొదటి పది సెకన్లలోనే చాలావరకు కరిగిపోతుంది. అక్కడినుంచి భారమంతా ప్రధానంగా ఆక్సిజన్ కోసం ఆగకుండా గ్లైకోజెన్‌ను వాడుకునే పద్ధతి మీద పడుతుంది. కండరంలో ఆమ్లత పెరిగి చెయ్యి బరువెక్కుతుంది, నీటిని పట్టుకోవలసింది జారిపోతుంది. ఆ స్థితిలోనూ స్ట్రోక్ పొడవు తగ్గకుండా చూసుకోవడమే స్ప్రింటర్‌కు కావలసిన ఓర్పు. నింపాదిగా గంటసేపు ల్యాప్‌లు కొడితే ఆ స్థితి ఒక్కసారైనా రాదు. ఎన్నడూ ఎదురుపడని బాధను ఓర్చుకోవడం ఎవరు మాత్రం ఎలా నేర్చుకుంటారు?

నీళ్ల లెక్క కూడా దీనికి తోడవుతుంది. వేగం 10 శాతం పెరిగితే నీటి నిరోధం సుమారు 21 శాతం, దాన్ని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి సుమారు 33 శాతం పెరుగుతాయి. నెమ్మదిగా ఈదేటప్పుడు ముచ్చటగా కనిపించే స్ట్రోక్ పోటీ వేగంలో వేరే స్ట్రోక్ అయిపోతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం 1991లో ప్రచురించిన పరిశోధనలో కాలేజీ ఈతగాళ్లలో ఒక జట్టు కొన్ని వారాలు రోజుకు రెండు పూటలా సాధన చేసింది, మరో జట్టు ఒక్క పూటే చేసింది. అదనపు పూటకు అదనపు ఫలం దక్కలేదు సరికదా, ఆ వారాల్లో రెండు పూటల జట్టు స్ప్రింట్ వేగం తగ్గింది.

ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెకెవాయ్ 2016లో 100 మీటర్లను 47.04 సెకన్లలో ఈది, రియోకు ఫేవరెట్‌గా వెళ్లి, ఫైనల్లో ఏడో స్థానంతో తిరిగొచ్చాడు. టోక్యో ఒలింపిక్స్ తర్వాత కొన్నాళ్లు ఈత మానేశాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు వారానికి 30 కిలోమీటర్ల దాకా ఉన్న ఈతను రెండు మూడు కిలోమీటర్లకు కుదించి, కండబలం మీదా గరిష్ఠ వేగం మీదా పడ్డాడు. 2023లో 50 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు, 2024 పారిస్‌లో ముప్పయ్యేళ్ల వయసులో 21.25 సెకన్లతో స్వర్ణం గెలిచాడు.

వెనక అన్నేళ్ల కిలోమీటర్ల పునాది ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. పన్నెండేళ్ల పిల్లకు నీళ్లు ఒంటబట్టాలంటే బాగా ఈదాల్సిందే. 100 మీటర్లలో ఆక్సిజన్ వాటా కూడా తీసిపారేసేది కాదు. కానీ పదిహేడేళ్లొచ్చాక కూడా పునాదే తవ్వుతూ కూర్చుంటే గోడ లేచేదెప్పుడు?

అలెగ్జాండర్ పొపోవ్ పేరూ ఎత్తుతారు. 1992 ఒలింపిక్స్‌లోనూ 1996 ఒలింపిక్స్‌లోనూ 50, 100 రెండూ గెలిచినవాడు, కిలోమీటర్లు బాగా ఈదినవాడే. అయితే కోచ్ తురెత్‌స్కీ అతనిచేత నెమ్మదిగా ఈదించింది స్ట్రోక్‌ను చెక్కడానికి. మన దగ్గర మూడో వెయ్యి మీటర్లలో స్ట్రోక్ చెదిరిపోయినా విజిల్ మోగుతూనే ఉంటుంది.

100 మీటర్లను నిమిషంలో ముగించాలనుకునే అమ్మాయిని తీసుకోండి. డైవ్‌తో మొదటి సగం 29 సెకన్లు, రెండో సగం 31. అంటే అలసిన చేతులతో 25 మీటర్లను పదిహేనున్నర సెకన్లలో ఈదగలగాలి. సాధన కూడా అదే కావాలి: పదిహేనున్నరలో ఒక 25, ఇరవై సెకన్ల విరామం, మళ్లీ 25. వరసగా రెండుసార్లు సమయం తప్పితే సెట్ ముగిసినట్టే, తిట్టి ఇంకో నాలుగు చేయించకూడదు. 50 మాత్రమే ఈదేవాళ్లకైతే పూర్తి వేగంతో 15 మీటర్లు, ఆపై రెండు మూడు నిమిషాల విశ్రాంతి.

ఈ విశ్రాంతి దగ్గరే అసలు పేచీ. గోడ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు గ్యాలరీలోని అమ్మానాన్నలకు బద్ధకస్తుడిలా కనిపిస్తాడు, కట్టిన ఫీజు గుర్తొస్తుంది. ఒక్కో లేన్‌లో పదిమందిని దింపిన కోచ్‌కేమో అందరినీ కదలికలో ఉంచడానికి ల్యాప్‌లే సులువు. ఇందులో శరీర శాస్త్రం కంటే లేన్ల కొరతే ఎక్కువ. అయినా పదిమందీ పది సెకన్ల తేడాతో ఒకరి వెనక ఒకరు డైవ్ కొట్టి, 25 మీటర్లు పూర్తి వేగంతో ఈది, గట్టెక్కి నడుచుకుంటూ వెనక్కి రావచ్చు. దానికి కొత్త పూల్ అక్కర్లేదు, ఒక స్టాప్‌వాచ్ చాలు.