ఏరు దాటాక తెప్పను దాచుకుందాం

ఏటా ఈ సంచికలో తెలుగు తియ్యదనం గురించి రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి మన తెలుగు బడిలో ఎవరికి చోటుందో కూడా మాట్లాడుకుందాం.

పిల్లలూ, మీరు భాగ్యరెడ్డి వర్మ గారి గురించి తెలుసుకోవాలి. 1888లో హైదరాబాదులో, లోకం అంటరానివారని దూరం పెట్టిన పేద కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. చిన్న వయసులో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. అలాంటి మనిషి 1910లో బడి పెట్టారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగే రోజుల్లో, తనవాళ్ళ పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. ఆ బడులు క్రమంగా 26 అయ్యాయి, సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై, 'పంచములు' అన్న పేరు వద్దని, 'ఆది ఆంధ్రులం' అని చాటారు.

కష్టం పడ్డ ప్రతివాడూ న్యాయం పక్కన నిలబడడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళే ఎక్కువ. ఆయన తెప్పను వెనక్కి పంపారు. వాకిట్లో నిలబడడం ఎలా ఉంటుందో తెలుసు కనుకనే, ఇంకెవరూ అలా నిలబడకూడదనుకున్నారు.

ఇక్కడ పాఠాలు చెప్పే మాలో చాలామందిమి సర్కారు బడుల్లో, సంక్షేమ హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళమే. కూలికెళ్ళో, మగ్గం నేసో, ఆటో తోలో అమ్మానాన్నలు మమ్మల్ని ఇంజనీర్లను చేశారు. ఈ దేశంలో కూడా అందరు తెలుగువాళ్ళకూ ఆదివారం సెలవు కాదు. గ్యాస్ స్టేషను కౌంటరు దగ్గర, రెస్టారెంటు వంటింట్లో నిలబడే తల్లిదండ్రులున్నారు. వాళ్ళ పిల్లలు బడికి రాకపోతే, 'వాళ్ళకు ఆసక్తి లేదు' అనేయడం తేలిక.

అందుకే మా మనవి. ఫీజు కట్టలేనివారిని కారణం అడగకుండా చేర్చుకుందాం. దారిలో ఉన్న పిల్లల్ని మన కార్లో ఎక్కించుకుందాం. ఇంటి పేరు ఆరా తీసి కులం కనిపెట్టే అలవాటును బడి గుమ్మం బయటే వదిలేద్దాం. పాలమూరు యాసైనా, శ్రీకాకుళం యాసైనా పిల్లవాడు మాట్లాడితే 'తప్పు' అనకుండా, 'మీ ఇంట్లో ఇలా అంటారా, ఇంకో మాట చెప్పు' అందాం.

అక్షరాలు యాభై ఆరూ నేర్పి, పక్కవాడికి జరిగి చోటివ్వడం నేర్పకపోతే మనం నేర్పింది సగం చదువే. వచ్చే ఏడాది చేరికల పట్టిక రాసేటప్పుడు, ఇంకా రాని పిల్లలెవరో ముందు వెతుకుదాం.